ఇండ్ల కావలి

బోర్డు రాసిన చాంద్‌పాషా
"హోం వాచ్" అని రెండు ముక్కలు రాసి
రంగు అయిపోయిందని బ్రష్షు కడుక్కున్నడు.
తెల్లారే అమరగిరి నుంచి ఒక పెద్దమనిషి
ఆగిపోయిన గడియారం పట్టుకొచ్చిండు.
"గడియారాలు కాదు పెద్దయ్యా, ఇండ్లు" అన్న.
"ఇండ్లు గూడ ఆగిపోతయా బిడ్డా?"

ఆగిపోతయి.
మనిషి మెసలని ఇల్లు మూడు వారాలకే ఆగిపోతది.
బాత్రూము జాలీ కింద నీళ్లెండితే
బొద్దింకలకు బాట దొరుకుతది.
ఫ్రిజ్జు తలుపు మూసిపెట్టి పోతే
బూజు లోపట సంసారం పెట్టుకుంటది.
అందుకే మంగళారం, శుక్కురారం
నేను పోత.

సోమశిల ఒడ్డు మీద పదిహేడు ఇండ్లు నా చేతుల.
బిస్కెట్ల రేకుడబ్బల పదిహేడు తాళంచెవులు,
ఒక్కోదానికి ఒక్కో రంగు రైకగుడ్డ పీలిక.
పచ్చది డాక్టరమ్మది. ఏడాదికి నాలుగు రాత్రులొస్తది,
కృష్ణ కనపడాలని గోడంత అద్దం పెట్టిచ్చుకున్నది.
అద్దం తుడిచేది నేనే, నీళ్లను చూసేది నేనే.
నీలిది చేపల కాంట్రాక్టరుది. మూడు నెలల బాకీ.
ఊదాది కుర్మన్నది.
పునె దిక్కు బిల్డింగుల పనికి పోతూ పోతూ
"పైసల్లేవు వదినా, జొన్నలిస్త" అన్నడు.
రిజిస్టర్ల రాసుకున్న: జొన్నలు, ముప్పై కిలోలు.
రేకులిల్లు, ఒక దండెం, గోడకు రెండు మేకులు.
చూసేదేమున్నదంటే ఏం లేదు.
ఏమో మరి, డాక్టరమ్మ ఇంట్లకన్న
ఆడ్నే ఎక్కువసేపు కూసుంట.

మా మరిది కొడుకు పర్వతాలు
తిరిగి తిరిగి ఫోన్ల వీడియో తీసి పంపుతడు.
వీడియోల వాసన పడదు.
వానకాలం తాళం తీయంగనే
మూసిన ఇల్లు మొఖం మీద ఊపిరి ఇడుస్తది,
ఇన్ని దినాలు ఎటు పోయినవని.
నాది గాని ఇల్లు.
అయినా గల్మ కాడ చెప్పులిడిసి
తప్పయిందని చెప్పుకుంట.

ఒకసారి తేలు.
ఒకసారి వాషింగ్ మిషన్ల ఉడుత పిల్లలు.
ఒకసారి, ఇది రిజిస్టర్ల రాయలే,
డాక్టరమ్మ మంచం మీద పండుకున్న.
ఎవ్వలు పండుకోని పరుపు
బండ తీరు గట్టిపడతదని అప్పుడే తెలిసింది.
పది నిమిషాలు. దుప్పటి మల్ల సరిజేసిన.

ఎండకాలం నీళ్లు దిగినంక
పద్దెనిమిదోది పైకొస్తది.
దానికి తాళం లేదు, పీలిక లేదు.
నాకు ఎనిమిదేండ్లప్పుడు డ్యాము నిండుతుంటే
తలుపులు, దూలాలు బండి మీదేసుకొని
గోడలను ఇడిసొచ్చినం.
పర్వతాలుకు చెప్పకుండ, పగిలిన బురద తొక్కుకుంట పోత.
రిజిస్టరు తీసుకునే పోత.

వంటర్ర: ఉన్నది, మోకాలెత్తు.
రోలు: ఉన్నది, నిండ ఒండ్రు.
గల్మ: ఉన్నది. మా అమ్మ కాలు అరిగించిన పల్లం గూడ.
చెదలు: లేవు.
కప్పు: గీత కొట్టిన.
యజమాని పేరు:
ఆ గడిల ఏం రాయాల్నో తెల్వక
పెన్ను మూతి కొరుక్కుంట కూసున్న.
మింగిన నీళ్లే నలభై ఏండ్ల సంది కావలున్నయి,
వాటికి జొన్నలు గూడ ఇయ్యలే ఎవ్వలు.

ఫోను మోగింది. డాక్టరమ్మ.
"ఇల్లెట్లున్నది ఈదమ్మా?"
"మంచిగున్నదమ్మా," అన్న, గల్మ మీద చెయ్యి పెట్టి,
"జర నెమ్ము పట్టింది గని, రాళ్లు కదల్లే."
"నెమ్మా! ఏ గోడకు?"

అప్పుడు యాదికొచ్చింది,
నేను నిలబడ్డది ఎవలింట్లనో.