దాపుడు జేబు

నిజ్వా కోట వెనుక సందుల నా దుకాణం.
శుక్రవారం మేకల సంత ముగిసి
ఎరువు వాసన ఇంకా గాలి మీదనే ఉంది.
ఖల్ఫాన్ వచ్చిండు,
బంగారం దుకాణాల పైసలు బ్యాంకుకు మోసే మనిషి.
నేనడగకముందే సర్కారు కాయితం చూపెట్టిండు.
కత్తిరించే బల్ల మీద తువాల పరిచి
మూడు రివాల్వర్లు పెట్టిండు.

"ఖాళీవే, భయపడకు"
చక్రం పక్కకు తెరిచి
ఐదు బొక్కల్లకెల్లి నన్ను చూసిండు.

సగం అరబ్బీల, సగం హిందీల చెప్పిండు:
దిష్‌దాషా లోపల దాచాలె,
మసీదుల వంగితే తెలువద్దు,
కారు దిగితే తెలువద్దు.
ఒక్కటే కొంట.
ఏది కొనాల్నో నీ గుడ్డనే చెప్పాలె.

నేను సిరిసిల్లల సాంచెల నడుమ పుట్టినోన్ని.
బరువును మేం తక్కెడల తూచం,
పోగు ఎంత సాగిందో చూస్తం.

మొదటిది పొడుగు గొట్టం, తెల్లటి ఉక్కు.
పాత దిష్‌దాషా తొడిగించి
లోపల గుడ్డసంచి కుచ్చి నడువమన్న.
నాలుగడుగులేసిండు.
తొడ మీద తేనెటీగ కుట్టినట్టు ఉబ్బింది.
అద్దం కూడ అదే మాట చెప్పింది.

రెండోది చిన్నదే.
కానీ సుత్తి కొన కోడిపుంజు కాలిగోరు లెక్క పైకి లేచింది.
తియ్యి అన్న. తీసిండు.
కొన దారంల చిక్కింది.
మళ్ళా తీసిండు, మళ్ళా చిక్కింది.
"ప్రాణం మీదికొచ్చినప్పుడు
నా కుట్టుతోని పంచాయితీ పెట్టుకుంటవా?"
నవ్వి, దాన్ని తువాల అంచుకు జరిపిండు.

మూడోది ముసలిది.
నలుపు అరిగి గీతలు పడ్డది,
సుత్తి కడుపులనే దాచుకున్నది,
అరచేతి కంటే జరంత పొడుగు.
గోడ దిక్కు తిప్పి ఇరువై సార్లు నొక్కిండు.
ఇరువై సార్లు ఒకటే చప్పుడు,
నూనె పెట్టిన నా మిషను తీరు.
"నొక్కుడు గట్టిగుంది, వేలు నొస్తది" అన్నడు.
నొయ్యనీ అన్న.
అల్కగ పేలేది జేబుల ఉండొద్దు.

రెండు మడతల డ్రిల్లు గుడ్డ,
వాలుగ కోసిన మూతి,
ట్రిగ్గర్ కాడ మేకతోలు ముక్క,
పట్టుకునే పిడి ఒక్కటే బయటికి.
ఆ జేబుల ఇంకేం పెట్టకు అన్న,
చిల్లర గానీ, తాళంచెవి గానీ.
నాలుగు రియాళ్ళిచ్చిండు.

ఈ ఊరి దాపుడు జేబులన్నీ నా సూది కిందనే పుట్టినై.
సింహళం పనిమనిషి అంచు మడతల సిమ్ము,
చిట్టగాంగు కూలోని నడుం పట్టీల జీతం,
ఒక ముసలామె మెడ కాడ, ఎవరిదో చిన్న ఫోటో.
ఎవ్వరిదీ ఎవ్వరికీ చెప్పలే.
ఒక రాత్రి నా అంగీకి కూడ కుట్టుకుందామని కూసున్న.
ఏం పెట్టుకోవాల్నో తోచక
దారం మళ్ళా రీలుకు చుట్టిన.

ఏడాదికి ఖల్ఫాన్ మళ్ళా వచ్చిండు.
జేబు అడుగు గుడ్డ పలుచబడ్డది,
నూనె మరక గుండ్రంగ, చక్రమంత.
"ఎన్నిసార్లు పేల్చినవ్?"
"ఎవ్వరి మీదా లేదు. మైదానంల కాయితం బొమ్మల మీద,
నెలకు ఒక్కసారి."

కొత్తదానికి కొలత తీసుకుంటనన్న.
టేపు మెడ కాడికెల్లి కుడి భుజానికి,
మెడ కాడికెల్లి ఎడమ భుజానికి.
మళ్ళొక్కసారి పెట్టి చూసిన.
పాత పుస్తకంల పోయినేటి అంకె చూసిన.
కుడి భుజం అర ఇంచు దిగింది.

చెప్పిన.
చానసేపు అద్దంల చూసుకున్నడు,
ఒకసారి ఆ భుజం లేపి, మళ్ళా వదిలిండు.
తర్వాత మెల్లగ, దుకాణంల ఇంకెవరో ఉన్నట్టు,
ఆ అర ఇంచు కూడ
కనబడకుంట కుట్టు అన్నడు.