తప్పుపడిన అట్ట

ధర్మవరంలో, రైలు గేటు అవతల సందులో
చౌడేశ్వరక్క గ్రాఫు కాగితం మీద హంసలు దించుతాది.
ఆ గళ్ళు చూసి నేను జకార్డు అట్టలకు బెజ్జాలు కొడతా.
గడి నిండితే బెజ్జం, నిండకపోతే లేదు.
పట్టుకు తెలిసిన భాష అంతే.

మధ్యాన్నం కరెంటు పోతే
పాడైన కాగితాల మీద ఆడోళ్ళ బొమ్మలేస్తాది అక్క.
తలల మీద మాటల బుడగలు, పొంగిన పూరీల మాదిరి.

వారపత్రికల్లో పెండ్లాం బొమ్మంటే ఒకటే కదా:
లావు నడుము, కొప్పు, చేతిలో అప్పడాల కర్ర.
అక్క బొమ్మలో ఆ కర్రే నోరు తెరిచింది:
"నలభై ఏండ్లాయ, ఒక్క మొగుణ్ణీ కొట్టలేదు నేను.
చపాతీలు రుద్ది రుద్ది నాకే నడుము పడిపాయ."

ఇంకో దాంట్లో ఒక వీరనారి.
ఎగరలేదు, కొండలెత్తలేదు.
పట్టుచీరల అంగట్లో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా
నిలబడి, ఒంటికి పోకుండా ఉండగలదు.
ఆమె శత్రువు తాళమేసిన ఒక తలుపు.
తాళంచెవి సేటు మొలతాడుకుండాది.

కండ్లలో నీళ్ళొచ్చేదాకా నగినాం.
కొంచేపటికి ఎవరూ నగలేదు.

నగే ఆడదాన్ని, ఏడ్చే మగోణ్ణి నమ్మగూడదంటాది మా అత్త.
అక్క ఆ ఇద్దర్నీ ఒకే గడిలో కూర్చోబెట్టింది,
మగ్గం గుంత అంచున, చెరొక టీ గ్లాసిచ్చి.
బుడగలు ఖాళీగా ఇడిసింది.
"ఏం మాట్లాడుకుంటారక్కా?"
"నాకేం తెలుసు మే, ఇప్పుడే కదా కలిసినారు" అనింది.

ఆ కాగితమే నేను కొట్టింది.
పొరపాటునని సేటుతో చెప్పినా.

నాగలింగన్న మగ్గం మీద అది కొంగులోకి దిగింది.
తొమ్మిదో హంస ఉండాల్సిన చోట
జరీతో ఒక ఆడది, నోరంతా తెరిచి,
పక్కన ఏడ్చేవాడు, టీ గ్లాసులు, ఉత్త బుడగలు.
నాగలింగన్న చూసినాడు. మగ్గం ఆపలేదు.
మీసం కింద నగినాడో, దగ్గినాడో.

సేటు నా కూలీలో పద్దెనిమిది నూర్లు పట్టుకున్నాడు.
చీర మాత్రం అమ్ముడుపాయ, ఏ ఊరి పెండ్లికో.
తల వంచుకో, తల వంచుకో అని అందరూ అంటా ఉంటే
వంచిన తలకు ఒళ్ళో కొంగు కనపడక పోదు.
అప్పుడా పిల్ల ఏం చేసిందో
మాకు చెప్పేవాళ్ళు లేరు.

అక్క కొత్త కాగితం పరిచింది.
"ఈసారన్నా బెజ్జాలు సరిగ్గా కొట్టు మే" అంటాది.
ఏది సరో చెప్పదు.