కొమ్ము మెట్లు

పియానో పర్లాకిమిడికి చిన్న రైల్లో వచ్చింది.
నౌపడలో పెద్ద బండి దింపేస్తే
గడ్డి చుట్టి, గోనె కప్పి, మిషను బడి దాకా
పదకొండు మంది మోశారట.
నేను పుట్టకముందు మాట.
నాకు ఊహ తెలిసేసరికి
దానిది పళ్ళూడిన ముసలమ్మ నోరు.

దంతపు రేకులు వానాకాలానికి కొన్ని చొప్పున లేచిపోతుంటే
తబిత టీచరు మా నాన్నని వెతుక్కుంటూ వచ్చింది.
నాన్న దున్నకొమ్ముతో కొంగల్నీ దువ్వెనల్నీ చేసేవాడు.
కొమ్ము కాచి, అదిమి, ఆకురాయి పట్టి
తొమ్మిది మెట్లకి తొడుగులు అతికాడు,
తెల్లవాటి మధ్య పొగరంగువి.
కూలి సంగతి వస్తే
"డబ్బుల్లేవు. పిల్లని పంపించు" అంది.

మద్రాసులో ఏడేళ్ళు సినిమా పాటల వెనక వాయించిందని
ఊళ్ళో అనేవారు. ఆవిడ అనలేదు.
"అక్కడ గడియారం చూసి వాయించాలి" అని మాత్రం, ఒకసారి.
లండను వాళ్ళ పరీక్ష కాగితం
కిటికీ రెక్క కొట్టుకోకుండా మడిచి దోపింది.

లెక్క నాకు తెలుగులో, పక్కనున్న సుభాసినికి ఒడియాలో.
ఒకటీ రెండూ మూడూ, ఏకొ దుయి తిని.
కుడిచెయ్యి నాది, ఎడమచెయ్యి దానిది.
మణికట్టు మీద చింతగింజ,
పడితే మళ్ళీ మొదటినుంచి.
గుణుపురం బండి కూత వేస్తే
చేతులు ఎక్కడివక్కడ ఆపించి
అది దాటాక, ఆగిన చోటే ఎత్తుకోమనేది.

నడిమి 'మి' పలికేది కాదు.
నాన్న అన్నిట్లోకీ నున్నగా తీర్చిన మెట్టు అదే.
"పైన చర్మం వేస్తాను టీచరుగారూ,
లోపలి గొంతు నా వల్ల కాదు."
విరిగిన సుత్తి కలకత్తా నుంచి రావాలి. రాలేదు.
దాన్ని దాటేసి వాయిస్తే వేలి మీద దెబ్బ.
"నొక్కు. పలక్కపోతే దాని ఇష్టం.
నువ్వు మానెయ్యడమేటి?"

ఆవిడ కట్టినవి పంతొమ్మిది,
చర్చి చందా పుస్తకాల వెనకవైపు, పెన్సిలుతో.
ఒకదాని పేరు 'మహేంద్రతనయ'.
ఒకదాని పేరు 'కిరసనాయిలు వరస'.
మిగతావాటికి తేదీలే.
అచ్చయింది లేదు.

పోయిన మార్చిలో బరంపురంలో
ఏసీ గదిలో, కొత్త పియానో మీద
మొదటిది మొదలుపెట్టాను.
రెండో వరసలో 'మి' పలికింది.
కాలినట్టు చెయ్యి తీసేశాను.
కాగితం చూశాను. ఉంది.
పేజీకి పది చోట్ల, నిండుగా, ఒత్తి రాసి ఉంది.
ఇన్నాళ్ళూ నేను కంఠతా పట్టింది
దాని ఖాళీల్ని.

లోపల వింటూ రాసిందా,
ఆ వినపడనిదాన్నే రాసిందా?
ఆవిడ లేదు. సుభాసినికి ఫోన్ చేస్తే నవ్వి
"నా ఎడమచేతికి ఆ మెట్టెప్పుడూ రాలేదు కదే" అంది.

ఇప్పుడు నా దగ్గర నలుగురు పిల్లలు.
ఆ చోటొస్తే నేను ఆగుతానట.
ఎందుకు టీచర్ అంటే
గుణుపురం బండి దాటనీ అన్నాను.
నలుగురూ లేచి కిటికీలోంచి చూశారు.
అవతల ఆటోస్టాండు.