ఆగడం

నరసాపురం స్టేషను వెనక, పాత ఉప్పు గోదాము దాటాక,
పట్టాలు గడ్డిలోకి దిగి మళ్ళీ తేలని చోట
మా ఇంజను ఉంది.
ఇరవై ఆరేళ్ళు ఎండకి ఎండి, వానకి తడిసి
తన రంగేదో మరిచిపోయిన షంటింగు డీజిలు.
తుక్కు వేలం నుంచి తప్పించి
మా పూచీకత్తు మీద నిలబెట్టుకున్నాం.
ఆదివారాలు ఏడుగురం వస్తాం. ఒక్కోసారి నలుగురమే.

దారిన పోయేవాళ్ళు గట్టు మీద సైకిలాపి అడుగుతారు:
"ఎప్పుడు కదులుద్దండీ?"
ఖాదర్‌వలీ గారు తలెత్తరు.
"ముందు ఆగడం రావాలి బాబూ.
కదలడానికేముంది, కాలవలో గుర్రపుడెక్క కూడా కదులుద్ది."

ఆగడానికి గాలి కావాలిట.
ముప్ఫై మూడేళ్ళు లెవెల్ క్రాసింగు గేటు వేసి తీసినవాణ్ణి,
జనాన్ని ఆపడమే తెలుసు నాకు.
బండి దేంతో ఆగుతుందో ఎప్పుడూ అడగలేదు.

బ్రేకు సిలిండరు విప్పితే
లోపలి తోలు కప్పు అప్పడంలా విరిగింది.
కొత్త తోలు పాలకొల్లు నుంచి వచ్చింది,
మూడు రాత్రులు ఆముదంలో నానింది.
లాల పోసేటప్పుడు పసిగుడ్డు ముక్కు దిద్దినట్టు
బొటనవేలితో నొక్కి నొక్కి
దాని అంచు దిద్దారు ఖాదర్‌వలీ గారు.

వాల్వులో ఆవగింజంత బెజ్జం,
నిండా తుప్పు. ఏ తీగా దూరదు.
శ్రీను మేనత్త బుల్లెమ్మ
వాడికి అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చి,
ముడిలోంచి లేసు అల్లే సూది తీసి
తిప్పి తిప్పి మురికంతా లాగేసింది.
"ఇంతేనా?" అంది.
పై ఆదివారం క్యారేజీ మరిచిపోయి వచ్చింది,
సూదులు మాత్రం నాలుగు నెంబర్లవి తెచ్చింది.

కంప్రెసరు శ్రీనుది.
రాత్రంతా రొయ్యల చెరువులకి గాలి కొట్టే పని వాడిది.
కరెంటు పోతే అరగంటలో రొయ్య తేలుద్దని
నిద్రలో కూడా ఒక చెవి చక్రాల చప్పుడు మీదే.
"గాలి పోతే అక్కడ చావండీ.
ఇక్కడ గాలి పోతే బండి ఆగుద్దంటారేంటి?"
ప్రకాశం గారు చెప్పారు:
గొట్టం నిండా గాలి ఉన్నంతసేపే పెట్టెలు కదుల్తాయి.
తెగిందా, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.
నమ్మకం మీద కట్టింది కాదురా ఇది,
అనుమానం మీద కట్టింది.

మొదటిసారి ట్యాంకు నింపి
అడుగున కుళాయి తిప్పితే
గాలి కాదు, నీళ్ళు.
చారెడు కాదు, చెంబెడు. తుప్పురంగు, కాస్త ఉప్పన.
మా పల్లపు గాలిని పిండితే గోదారే కారుతుంది.

గొట్టం పొడుగునా కుంకుడు నురుగు పూశాం.
బుడగ లేచిన చోటల్లా సుద్దముక్కతో చుట్టాం.
మొదటి వారం నలభై ఒక్క సున్నాలు.
శివరాత్రి నాటికి పదమూడు.
తర్వాత ఒకే ఒక్కటి, దొరకనిది,
మీటరు ముల్లు నిమిషానికి వెంట్రుకవాసి జారుతూ.
మూడు వారాలు ఊపిరి బిగబట్టి
ఇనుముకి చెవులానించాం.
ఒక చెవే పనిచేసే ప్రకాశం గారికి దొరికింది.

నలభై ఏళ్ళు డ్రైవరు ఆయన.
ఆ సాయంత్రం ఇద్దరమే మిగిలాం, అడిగాను.
నా గేటు కింద నుంచి దూరిన పాల సైకిలు,
ఆ రోజు బ్రేకు పడలేదా అని.
రెంచి తుడుస్తూనే ఉన్నారు.
"పడింది. గాలి నిండా ఉంది.
దూరమే లేదు."
తర్వాత మిగిలిన నట్టు బిగించాం.

నిన్న పరీక్ష.
శ్రీను ట్రాక్టరు తెచ్చి పడవల ఇనప తాడు కట్టాడు.
ఇంజను మూలిగింది, మూడడుగులు జరిగింది,
గట్టు మీద ఈలలు.
ప్రకాశం గారు పిడి తిప్పారు.
హుస్సుమంది. గడ్డిలోంచి కప్పలెగిరాయి.
దిమ్మలు చక్రాలని పట్టుకున్నాయి.
ట్రాక్టరు గిర్రున అక్కడే తిరిగి
మా అందరి మొహాలకీ బురద పూసింది.
ఇంజను అంగుళం కదల్లేదు.

బుల్లెమ్మ చప్పట్లు కొట్టింది.
గట్టు మీద కుర్రాడెవడో జాలిపడ్డాడు:
"రాలేదేంటండీ?"
ఖాదర్‌వలీ గారు కళ్ళజోడు మీది బురద తుడుచుకున్నారు.
"వచ్చింది బాబూ," అన్నారు,
"వచ్చేసింది."