మంగళవారం, చినవాల్తేరు

మా పేటలో ఎవరికైనా ఒళ్లు మండితే
"నిన్ను చినవాల్తేరు పంపాలి" అంటారు.
ఎవరూ పంపకుండా నేనే ఆటో ఎక్కాను.
ఇరవై అన్నాడు. చిల్లర లేదని ముప్పై ఉంచుకున్నాడు.

పోయిన నెల కేజీహెచ్‌కి వెళ్లాను.
ఆ ఎత్తు ఎక్కేసరికి
ఛాతీకి చుట్టిన గుడ్డ చెమటకి బిగిసి
ఊపిరి సగమే లోపలికి పోయింది.
సగం ఊపిరి నాకు అలవాటే.
హార్బర్లో ఐసు దిమ్మలు మోసేటప్పుడూ అంతే.

కౌంటరు కుర్రాడు తలెత్తలేదు.
పేరు? సూరాడ నూకాలు.
వయసు? ఇరవై ఏడు.
అప్పుడు తలెత్తాడు.
నూకాలమ్మా, నూకరాజా?
నూకాలే, అన్నాను.
వెనక వరసలోంచి కట్టు కట్టిన కాలొకటి
"బేగి తెమల్చండి బావూ" అని విసుక్కుంది.
వాడు ఏదో గడిలో నొక్కాడు.
చీటీ చేతికొచ్చేదాకా నేనెవరో నాకు తెలీదు.
చూసుకుంటే: స్త్రీ.
దాని కింద మందులు రాయడానికి వదిలిన చోటు,
తెల్లగా, చాలా పెద్దగా.

హార్మోన్ల డాక్టరు మంచాయనే.
"ముందు మనసు డాక్టరు కాగితం తేవాలమ్మా" అన్నాడు.
ఆ 'అమ్మా' దగ్గర ఆగి, నా మొహం చూసి
"బాబూ" అని దిద్దుకున్నాడు.
రెండూ నా మీద వదులుగా వేలాడాయి,
ఎవరో పోయాక పంచిపెట్టిన చొక్కాల్లా.

అందుకని ఈ మంగళవారం
నాకు పిచ్చి లేదని రాయించుకోడానికి
పిచ్చాసుపత్రి బల్ల మీద కూర్చున్నాను.

ఎప్పట్నుంచి? అని అడిగారు డాక్టర్ ఇందుధర.

తొమ్మిదేళ్లప్పటి సంగతి చెప్పాను.
చేతులు తక్కువై, అయ్య నా జుట్టు కత్తిరించి
అన్న చొక్కా తొడిగి
చీకటుండగానే తెప్ప మీద కూర్చోబెట్టాడు.
ఆ వేళ వలలో కోనాం పడింది.
ఆడగుంటని తెప్పెక్కించాడని
ఒడ్డున పేటంతా అయ్యని తిట్టింది.
చేపలు మాత్రం కొనుక్కుంది.
నేను మూడ్రోజులు ఆ చొక్కా విప్పలేదు.

అయితే మగవాడిననిపిస్తుందా?
అదీ కాదు మేడం.
పోటు ఆగిపోయి, ఆటు ఇంకా మొదలవని
ఒక చిన్న ఘడియ ఉంటుంది.
నీళ్లు ఎటూ పోవు. అలాగని చచ్చిపోయినవీ కావు.
దానికి మా అయ్య పేరేమీ చెప్పలేదు,
"ఇప్పుడు లాగు" అనేవాడంతే.

ఆవిడ పెన్ను కాసేపు ఆగింది.
తర్వాత ఇంగ్లీషులో చాలా రాశారు.
ఏం రాశారో తెలుగులో చదవమన్నాను.
"ఈమె..." ఆగారు.
"ఇతను..." మళ్లీ ఆగారు.
కిటికీ అవతల ఎవరో బిందె దించిన చప్పుడు.
"తను," అన్నారు.
"తను పూర్తి తెలివితో నిర్ణయం తీసుకున్నారు.
తనకి వైద్యం అవసరం."

తను.
మా వదిన మా అన్న పేరెత్తకుండా
రోజుకి నలభైసార్లు వాడే మాట.
వాక్యం చివర 'డు' లేదు, 'ది' లేదు.
పొద్దుట్నుంచీ ఆవిడకి నేనిస్తున్న 'రు'
నా దగ్గరికి తిరిగొచ్చింది.
కళ్లు తుడుచుకోలేదు. చేతుల్లో కాగితం ఉంది.

వరండాలో పైడితల్లి చీపురాపి అడిగింది.
"ఏటి, రాసినారా?"
రాశారు. రెండో సంతకం కావాలట.
ఆయన సెలవు. స్టాంపు ఆయన బీరువాలో.
"ఇక్కడంతే. కాయితం తడవనీకు.
ఇరవయ్యేళ్ల బట్టి ఊడుస్తన్నాను,
సంతకాలు కూడా ఊడ్చినాను."

కాగితాన్ని టిఫిను గిన్నె కవర్లో చుట్టాను.
బస్టాపు వెనక గోడ చాటున
ఛాతీ గుడ్డ ఒక్క చుట్టు వదులు చేశాను.
సముద్రం గాలి, చేపల వాసనతో,
ముప్పాతిక దాకా లోపలికెళ్లింది.

మళ్లీ మంగళవారం రమ్మన్నారు.
మేస్త్రీకి ఏం చెప్పాలి?
ఈ వారం పన్ను నొప్పన్నాను.
వచ్చే వారం ఇంకో పన్ను.