పసుపు వాక్యం

వియర్ నది మీది వంతెన దాటేలోపు
రెండు పేజీలు చదవాలి.
అంతకంటే వెడల్పైన నది కాదు అది.
ఒళ్లో అప్పుల పాఠం,
మెళ్లో ఫొటో ఉన్న కార్డు:
కెర్రీ హెప్పుల్, డిగ్రీ అప్రెంటిస్, రెండో ఏడు.
ఫొటోలో నవ్వు మొదటి ఏడుది.

నాలుగు రోజులు బ్యాంకు, ఒక రోజు చదువు.
ఆ ఒక్కటీ చాలక
ఆదివారాల్ని చేబదులు తెచ్చుకుంటాను.
తిరిగి తీర్చింది ఇంతవరకూ ఒక్కటీ లేదు.

లీడ్స్‌లో పెద్ద చదువుకు వెళ్లిన రోవీనా
అర్ధరాత్రి ఫొటోలు పంపుతుంది.
చెంపల నిండా తళుకు,
వెనకాల ఎవరో కుర్చీ ఎక్కి నిలబడి ఉంటారు.
బదులుగా నా జీతం చీటీ పంపనా?
పంపను.
దానికి అప్పు పెరుగుతోంది, నాకు మెడనొప్పి.
ఎవరి ఖాతా వాళ్లది.

ఈ మూడు నెలలూ నన్ను వేసింది
పోయినవాళ్ల విభాగంలో.
రెండో అంతస్తు. కిటికీలోంచి కార్ల పార్కింగు,
దాని మీద సముద్రం దారి తప్పిన పక్షులు.
ఫోనెత్తగానే
"మీకు కలిగిన లోటుకు చింతిస్తున్నాం" అనాలి.
తెర మీద ఆ వాక్యం పసుపు రంగులో ఉంటుంది,
మర్చిపోకుండా.

పక్క సీటు షఫీకా
పదకొండేళ్లుగా అదే వాక్యాన్ని
అప్పుడే తట్టినట్టు పలుకుతుంది.
ఎలా అంటే,
"ముందు వాళ్ల ఊపిరి విను. తర్వాత పసుపు చదువు."
ఏ పుస్తకంలోనూ లేని ముక్క.
మార్జిన్‌లో రాసుకున్నాను.

మంగళవారం మిస్టర్ టిండెల్.
భార్య మ్యూరియెల్ ఖాతా మూసేయాలి.
మరణపత్రం నంబరు అంకె అంకెగా
చీకట్లో మెట్లు దిగుతున్నట్టు చదివాడు.
నిల్వ మూడు వందల పన్నెండు పౌన్లు, నలభై పెన్స్.
నెలనెలా పోయేవి ఒక్కొక్కటే చెప్పాను.
తోటపని పత్రిక. ఆపండి.
గాడిదల ఆశ్రమానికి చందా. ఆపండి.
లాటరీ.
నవ్వాడు. ఆపండి.
ఈతకొలను, పద్దెనిమిది పౌన్లు.

అటువైపు ఏమీ లేదు.
ఊపిరి విన్నాను.

"అదొక్కటీ ఉంచకూడదా?"

పోయినవాళ్ల ఖాతాలో ఏదీ ఉంచకూడదు.
ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది, నాకు పూర్తి మార్కులు.
"గురువారాలు వెళ్లేది," అన్నాడు,
"నాకు ఈత రాదమ్మా.
తువ్వాలు పట్టుకుని బల్ల మీద కూర్చునేవాణ్ణి."

పసుపు వాక్యం అప్పటికే వాడేశాను.
రెండోది తెర మీద లేదు.
షఫీకా వంక చూస్తే
ఆమె ఇంకెవరి ఊపిరో వింటోంది.
"కొలను వాళ్లకి మీ ఖాతా నంబరు ఇస్తే
మీ పేరున సాగుతుంది. కానీ మీకు ఈత..."
"రాదు. బల్ల ఉంది కదా."

బుధవారం నా కాల్ వింటూ
ఎవరో ఎర్ర గీత గీశారు:
సమయం మించింది,
అనవసర సంభాషణ నాలుగు నిమిషాలు.

రాత్రి వ్యాసం.
ఎగ్గొట్టే అవకాశం, అప్పటికి మిగిలే బాకీ,
ఇక చేతికి రాని వంతు,
మూడూ గుణిస్తే వచ్చేది ఊహించిన నష్టం.
కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి పోతూ నాన్న
టీ పెట్టి వెళ్లాడు, మీద తొరక కట్టింది.
రెండయ్యేసరికి వడ్డీలన్నీ లొంగాయి.
అసలు దగ్గరే ఆగిపోయాను.

నెలాఖరు నివేదికలో ఒక గడి ఉంటుంది:
ఈ నెల ఏం నేర్చుకున్నారు?
రెండు వందల అక్షరాలు మించకూడదు.
నిబంధనలు, ఓర్పు, గోప్యత
రాశాను, కొట్టేశాను.

బల్ల, అని రాశాను.
ఇంకా నూట తొంభై ఎనిమిది మిగిలాయి.