బోర్డు మీద స్

చిలకపాలెం జంక్షన్లో
ఎరువుల కొట్టు మీద మేడగది.
యూరియా వాసన మెట్లెక్కి వస్తుంది.
అద్దె నాలుగువేల ఐదొందలు, కరెంటు వేరే.
పదకొండేళ్ళ పరిశోధన
ఆటోలోంచి దిగింది ఇక్కడ:
రెండు అట్టపెట్టెలు, ఒక సెంట్రిఫ్యూజు,
దాని వీపు మీద యూనివర్సిటీ ఎర్ర నంబరు
ఇంకా చెరగలేదు.

బోర్డు రాయమని దాలినాయుడికి కాగితమిచ్చాను,
నాగావళి జీన్ థెరపీ అని.
మర్నాడు వచ్చి చూస్తే
నీలం మీద పసుపు, ముత్యాల్లాంటి అక్షరాలు,
నాగావళి జీన్స్.
కింద చిన్నగా, మొహమాటంగా, థెరపీ.
"మీరు స్ మరిసిపోనారు మేడమ్,
నానే సరిజేసినాను" అన్నాడు.

గంట తిరక్కుండా ఒక కుర్రాడు మెట్లెక్కాడు,
ముప్ఫై నడుం సైజు ఉందా అని.

నవ్వాను. నవ్వుతూనే కూర్చుండిపోయాను.
ఎచ్చెర్ల క్లాసురూముల్లో ఇన్నేళ్ళూ చెప్పింది ఇదే కదా,
ఆరో మాటలో ఒక్క అక్షరం తప్పితే
గుండ్రటి రక్తకణం కొడవలి అవుతుందని,
పంట లేని ఒంట్లో
కోత మొదలవుతుందని.

సీతంపేట కొండ మీద సవర రాహేలుకి
పద్నాలుగేళ్ళు.
నొప్పొచ్చిన రాత్రి అరవదు.
మంచం నులక ఒక్కో పోగూ లెక్కపెడుతుంది.
నూట ఎనభై దాకా వెళ్ళానని
ఒకసారి గొప్పగా చెప్పింది.
ఏడో ఏట మొదటిసారి సూదికి చెయ్యి చాపింది,
అప్పట్నించి నా ఫ్రీజర్లో తొమ్మిది గొట్టాలు.
తిత్లీ రాత్రి జనరేటరు నోరు మూసేస్తే
బుడగట్లపాలెం రేవు నించి చేపల ఐసు తెచ్చి
చుట్టూ పేర్చాం, నేనూ అటెండరు కామయ్యా.
తెల్లారేసరికి ల్యాబంతా వంజరం వాసన.
రక్తం బతికింది.

డబ్బు పెట్టే హైదరాబాదు ఆయన
వీడియోలో కనబడ్డాడు. మంచివాడే.
స్లైడ్లన్నీ ఓపిగ్గా చూశాడు.
"జబ్బున్నవాళ్ళు ఎంతమంది?"
చెప్పాను.
"గుడ్" అన్నాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు.
"అంటే, అందులో కొనగలిగినవాళ్ళు?"
నెట్ ఆగిపోయినట్టు నటించాను.

ఎలుకల్లో కుదిరింది,
పదిహేడింట్లో పదకొండింటికి.
మిగతా ఆరింటికీ ఎందుకు కుదర్లేదో తెలీదు.
స్లైడులో ఆ ఆరూ లేవు.
తీసింది నేనే.
రాత్రి రెండింటికి లేచి మళ్ళీ పెట్టింది కూడా.

సోమవారం సంతలో
పసుపు కొమ్ముల బుట్ట ముందు రాహేలు తల్లి.
"మందొచ్చిందేటమ్మా?"
"కంపెనీ వచ్చింది" అన్నాను.
ఆమె పక్కావిడ వైపు తిరిగి
సవరలో ఏదో చెప్పింది.
అందులో నాకు అర్థమైన మాట
కంపెనీ ఒక్కటే.
తర్వాత నా సంచిలో ఒక అనాసపండు పెట్టింది,
ముళ్ళు గుచ్చుకోకుండా కాగితం చుట్టి మరీ.

దాలినాయుడు నిచ్చెన వేసుకుని వచ్చాడు.
కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు స్ ని.
రెండు నిమిషాల పని.
డబ్బులిస్తే పుచ్చుకోలేదు.
"తప్పు నాది. తప్పుకి కూలేటి?"

రాహేలు లోపల రాసినవాడు
ఇంతవరకూ నిచ్చెన తేలేదు.
ఆ ఒక్క అక్షరం దిద్దడానికి
కాగితం మీద నేను వేసిన ఖర్చులో
సున్నాలు లెక్కపెట్టడానికి
ఆమెకి ఇంకో మంచం కావాలి.

సాయంత్రం ఏడురోడ్ల నుంచి ఆడిటరు ఫోను.
"వాటాదారుల్లో ఒక గడి ఖాళీగా వదిలేశారు మేడమ్.
యూనివర్సిటీ, మీరు, ఆయన. నాలుగోది ఎవరు?"
పేరు చెప్పాను.
"మైనరా?"
మైనరే.
"కొండ మీద పిల్లా? పెట్టుబడి ఏంటి?"
తొమ్మిది గొట్టాలన్నాను.
అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.
"దీనికి గడి లేదు మేడమ్. ఖాళీగా ఉంటే కూడా
కంప్యూటరు ఒప్పుకోదు."

రేపు చూద్దామన్నాను.

ఎండ ఏటవాలుగా పడితే
నీలం కింద ఆ స్ ఇంకా కనబడుతోంది.
ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు,
ఈసారి వాళ్ళన్నయ్యని కూడా తీసుకుని.